బిడ్డ చేతికి తొలి ముద్ద

మన ఇండ్లలో అన్నప్రాశన జరుగు తీరు తెలియనివారుండరు. బిడ్డను పెద్దల ఒడిలో కూర్చుండబెట్టి, ఉంగరముతోనో వెండి చెంచాతోనో పాయసమును నాలుకకు రాయుదురు. పిమ్మట చాప మీద పుస్తకము, కలము, పూలు, బంగారము, కత్తి మొదలైన వస్తువులను పరచి బిడ్డను వాటి ముందు వదలుదురు. బిడ్డ ఏ వస్తువును పట్టుకొనునో యని చుట్టములందరును వేడుకతో చూచుచుందురు. ఆ కొద్దిసేపు బిడ్డ చేతికి సంపూర్ణ స్వాతంత్ర్యము కలదు. ఆ చేతిని పట్టి లాగుట గాని, ఒక వస్తువును దగ్గరకు జరుపుట గాని ఎవ్వరును చేయరు. చేసినచో పెద్దలు ఒప్పుకొనరు.

ఆ మరునాటి నుండి పరిస్థితి మారిపోవును. అన్నపు గిన్నె ముందుకు రాగానే బిడ్డ చేయి చాచును. తల్లి ఆ చేతిని మెల్లగా ప్రక్కకు నెట్టును. బిడ్డ మరల చాచును. ఈసారి అమ్మమ్మ రెండు చేతులను పట్టుకొనును. బట్టలు పాడగుననియు, అన్నము నేలపాలగుననియు, ముక్క గొంతులో అడ్డుపడుననియు భయము. మొదటి రెండును పట్టించుకొనదగినవి కావు. మూడవది మాత్రము నిజమైన భయమే. దానికి సమాధానము చెప్పక బిడ్డ చేతికి ఆహారమిమ్మని తల్లులకు సలహా ఇచ్చుట తగదు. కావున ఈ పుస్తకములో ఆ విషయమును కొంత విపులముగా చెప్పుచున్నాము.

ఆరు నెలలు నిండిన బిడ్డ ఎదుట మెత్తని ఆహారపు ముక్కలను ఉంచి, వాటిని తానే చేత పట్టుకొని, నోటికి చేర్చుకొని, తన ఆకలి కొలది తిననిచ్చు పద్ధతిని ఇంగ్లీషువారు ‘బేబీ-లెడ్ వీనింగ్’ అందురు. ఇందులోని ‘వీనింగ్’ అను మాటకు మన నిఘంటువులలో ‘పాలు మాన్పుట’ అని అర్థము కానవచ్చును. ఇచట ఆ అనువాదము పనికిరాదు. ఈ పద్ధతిలో పాలు మాన్పుట అను ప్రసక్తియే లేదు. ఆరవ నెల తరువాత గూడ తల్లిపాలే బిడ్డకు ముఖ్యాహారము. రెండేండ్లు నిండువరకును, అటుపిమ్మటను పాలిచ్చుచునే యుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పాలకు తోడుగా మరియొక ఆహారము వచ్చి చేరుచున్నది, అంతియే. ‘అనుపూరకాహారము’ అను అంగన్‌వాడీ మాట కొంత బరువుగా వినిపించినను అర్థమును సరిగా పట్టి యిచ్చుచున్నది.

ఈ పద్ధతికి ఆ పేరు పెట్టి ప్రచారములోనికి తెచ్చినది జిల్ రాప్లీ అను ఆంగ్ల వనిత. ఆమె చిరకాలము ఇంటింటికి తిరిగి తల్లులకును శిశువులకును ఆరోగ్య విషయములు బోధించు ఉద్యోగము చేసినది. ఆమె పుస్తకము 2008లో వెలువడినది. పేరు క్రొత్తదే గాని అందులోని ఆలోచన అంతకంటె పాతది. అమెరికాలో క్లారా డేవిస్ అను వైద్యురాలు అప్పుడే పాలు మానుచున్న పసిపిల్లలపై చేసిన పరిశీలన ఫలితములను 1928లో మొదట ప్రకటించినది. అటుపిమ్మట కొన్ని సంవత్సరములలో ఆ పిల్లల సంఖ్య పదునైదుకు చేరినది. ముప్పది నాలుగు విధములైన పదార్థములను సిద్ధము చేయించి, ప్రతి పూటకు వాటిలో కొన్నింటిని పళ్ళెములలో పెట్టి బిడ్డల ముందుంచిరి. దాదులు చెంచా పట్టుకొని ఊరక కూర్చుండవలెను. బిడ్డ వ్రేలు చూపినదానిని మాత్రమే అందింపవలెను. ‘తిను’ అనరాదు, ‘వద్దు’ అనరాదు. పిల్లలందరును చక్కగా పెరిగిరి. ఎముకల జబ్బుతో వచ్చిన ఒక బిడ్డ, పళ్ళెములోనున్న కాడ్ చేపనూనెను తానై త్రాగుచు వచ్చి, జబ్బు నయమైన పిమ్మట దానిని ముట్టుట మానివేసెనట.

ఈ కథ విన్నవారు ‘బిడ్డకు అన్నియు తెలియును, మనము చేయవలసినదేమియు లేదు’ అని తలపోయుట కద్దు. డేవిస్ ఉద్దేశము అది కాదు. ఆ ముప్పది నాలుగు పదార్థములలో చక్కెర లేదు, మిఠాయి లేదు, డబ్బాలలోని తిండి లేదు. అసలు కీలకమంతయు ఆ జాబితాలోనే యున్నదని ఆమెయే స్పష్టముగా వ్రాసినది. పళ్ళెములో ఏమి యుండవలెనో పెద్దలు నిర్ణయింపవలెను. అందులో ఎంత తినవలెనో, అసలు తినవలెనో మానవలెనో బిడ్డ నిర్ణయించుకొనును. ఈ రెండు అధికారములలో ఏ ఒక్కటి తారుమారైనను చిక్కే.

మన దేశపు స్థితి

మన దేశమున 2019–21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆరు మొదలు ఎనిమిది నెలల వయస్సు గల శిశువులలో తల్లిపాలతో పాటు ఘనాహారము గాని అర్ధ ఘనాహారము గాని పొందుచున్నవారు 45.9 శాతము మాత్రమే. అనగా సగమునకు మించిన పిల్లలకు అన్నము ఆలస్యముగా మొదలగుచున్నది. ఆరు నెలల నుండి రెండేండ్లలోపు పిల్లలలో, తగినన్ని పర్యాయములు, తగినన్ని రకముల ఆహారము పొందుచున్నవారు 11.3 శాతము. ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో రక్తహీనత గలవారు 67.1 శాతము.

చివరి సంఖ్యకును మన విషయమునకును దగ్గరి సంబంధము కలదు. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి గర్భమునుండి తెచ్చుకొన్న ఇనుము సుమారు ఆరు నెలల వరకు సరిపోవును. తల్లిపాలు అన్ని విధముల శ్రేష్ఠమైనవే గాని వాటిలో ఇనుము బహు స్వల్పము. లీటరుకు ఒక మిల్లీగ్రాములో మూడవ వంతు మాత్రమే. కావున ఆరవ నెల నిండిన పిమ్మట ఇనుము బయటినుండి రావలసినదే. అట్టి సమయమున బిడ్డ చేతికి ఉడికించిన క్యారెట్టు ముక్కను, దోసకాయ ముక్కను ఇచ్చి, ‘మా బిడ్డ తానే తినుచున్నది’ అని సంతోషించి యూరకుండిన తల్లి, తెలియకయే బిడ్డను రక్తహీనతకు అప్పగించినదగును. పాశ్చాత్య దేశముల పుస్తకములు చదివి ఈ పద్ధతిని యథాతథముగా అనుసరింపబోవు నగరవాసులు ఈ మాటను ప్రత్యేకముగా గమనింపవలెను.

మా అభిప్రాయములో మన దేశమునకు తగినది మధ్యమార్గము. ప్రతి పూటను బిడ్డ చేతిలో ఒక ముక్క ఉండవలెను. తల్లి చేతిలో ఒక మెత్తని ముద్దయు ఉండవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన మార్గదర్శకములు గూడ, బిడ్డ ఆకలి సంజ్ఞలను గమనించి పెట్టవలెననియు, తానై తినుటకు బిడ్డను ప్రోత్సహింపవలెననియు చెప్పుచున్నవి. మన గోరుముద్ద ఇందుకు ఎంతయు అనువైనది. గోరుముద్ద చిన్నది, మెత్తనిది, చేతి వెచ్చదనము గలది. దానిని బిడ్డ నోటిలో కుక్కుటకు మారుగా పెదవుల ముందు నిలిపి యుంచినచో, బిడ్డయే ముందుకు వంగి అందుకొనును. అందుకొననిచో వేచి యుండవలెను.

ఎప్పుడు మొదలిడవలెను?

నూట ఎనుబది దినములు నిండిన పిమ్మట. అంతకు ముందు తల్లిపాలు తప్ప మంచినీరు గూడ అవసరము లేదు.

ఇచట మన ఆచారముతో ఒక చిక్కు కలదు. పలు కుటుంబములలో మగబిడ్డకు సరి నెలలోను, ఆడబిడ్డకు బేసి నెలలోను అన్నప్రాశన చేయుదురు. ఆడబిడ్డకు ఐదవ నెలలో ముహూర్తము కుదిరినచో, ఆనాడు నాలుకకు పాయసపు తడి తగిలించి వేడుక ముగింపవచ్చును. నిజమైన భోజనము మాత్రము ఆరు నెలలు నిండువరకు ఆగవలెను. మరికొందరు ముహూర్తము కుదరలేదని ఏడవ నెల, తొమ్మిదవ నెల వరకు అన్నము ముట్టనీయరు. ఇది అంతకంటె ఎక్కువ నష్టకరము. ఆరు నెలలు నిండగానే ఇంటిలో అన్నము మొదలుపెట్టి, వేడుకను తీరికగా జరుపుకొనుటలో దోషమేమియు లేదు. పురోహితులు గూడ ఈ మాటను కుటుంబములకు చెప్పగలిగినచో మేలగును.

దినముల లెక్కతో పాటు బిడ్డ శరీరమును గూడ చూడవలెను. ఒడిలో నిటారుగా కూర్చుండబెట్టినప్పుడు మెడ నిలుపగలుగుట. చేతికందిన వస్తువును పట్టుకొని సూటిగా నోటికి చేర్చుకొనుట. నోట పెట్టినదానిని నాలుకతో వెలుపలికి నెట్టివేయక మ్రింగగలుగుట: ఈ మూడును కనబడవలెను. నెలలు నిండకుండ పుట్టినవారి విషయమునను, ఎదుగుదల ఆలస్యమైనవారి విషయమునను వైద్యుని అడిగి మొదలిడవలెను. వారికి చేత ముక్క ఇచ్చుటకు తొందరపడరాదు.

కూర్చుండబెట్టు విధము

ఇందుకు ఎత్తు కుర్చీలు, బల్లలు అవసరము లేదు. తల్లి చాప మీద కాళ్ళు చాచి కూర్చుండి, బిడ్డ వీపు తన పొట్టకు ఆనునట్లు కాళ్ళ నడుమ కూర్చుండబెట్టుకొనిన చాలును. వీపు నిటారుగా ఉండవలెను. ముందు కడిగిన పళ్ళెము పెట్టవలెను.

బిడ్డను కాళ్ళ మీద వెల్లకిల పరుండబెట్టి, ముక్కు మూసి, కొమ్ము గల ఉగ్గుగిన్నెతో గొంతులో పోయు అలవాటు కొన్నిచోట్ల నేటికిని కలదు. బిడ్డ ఏడ్చుచుండగా పోసినది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. ముక్క చేతికిచ్చుటకు భయపడు పెద్దలు ఈ పనికి భయపడకుండుట ఆశ్చర్యకరము. పరుండిన బిడ్డకు, ప్రాకుచున్న బిడ్డకు, కారులోనో ఆటోలోనో పోవుచున్న బిడ్డకు ఏ ఆహారమును పెట్టరాదు.

తినుటకు ముందు తల్లి చేతులను సబ్బుతో కడుగుకొనుట అందరును చెప్పుదురు. ఈ పద్ధతిలో బిడ్డ చేతులను గూడ కడుగవలెను. గోళ్ళు కత్తిరించి యుంచవలెను. ఆ చేయి క్షణము క్రిందట నేలమీద, చెప్పుల ప్రక్కన ఉండి యుండును. వండిన ఆహారమును రెండు గంటలలోపు పెట్టివేయవలెను. ఎండకాలములో ఈ నియమమును మరింత గట్టిగా పాటింపవలెను.

చేతికి ఏమి ఇయ్యవలెను?

ఆరు నెలల బిడ్డ వ్రేళ్ళ కొనలతో పట్టుకొనలేదు, పిడికిలితో పట్టుకొనును. పిడికిలిలో ఇమిడిపోయిన ముక్క బిడ్డకు అందదు. కావున ముక్క పెద్దవారి వ్రేలంత పొడవుండి, పిడికిలికి పైన కొంత మిగులవలెను. ఇక మెత్తదనమునకు పరీక్ష ఒక్కటే: బొటనవ్రేలికిని చూపుడు వ్రేలికిని నడుమ పెట్టి నొక్కినప్పుడు ముక్క సులభముగా చితికిపోవలెను. చితకనిచో మరల ఉడికింపవలెను. ఈ పరీక్ష ప్రతి ముక్కకును చేయవలసినదే. నిన్న మెత్తగా ఉడికిన దుంప నేడు ఉడకకపోవచ్చును.

మన వంటింటిలో ఇట్టి వస్తువులకు కొదువ లేదు. ఇడ్లీ పాత్రలో ఆవిరికి ఉడికించిన చిలగడదుంప, గుమ్మడి, క్యారెట్టు, బీరకాయ. పండిన అరటిపండు, బొప్పాయి. పప్పుకట్టులోనో సాంబారులోనో తడిపిన ఇడ్లీ ముక్క. నూనె తక్కువ వేసి కాల్చిన మెత్తని దోసె. బాగుగా ఉడికిన గ్రుడ్డు అట్టును పొడవుగా కోసిన ముక్కలు. రాయలసీమ ఇండ్లలో రాగి సంకటిని మెత్తగా గెలికి, వ్రేలివలె చుట్టి ఇయ్యవచ్చును. జొన్నరొట్టె అంచులు గట్టిగా ఉండును. నడిమి భాగమును పప్పులో నానవేసిన పిమ్మట ఇయ్యవలెను. మాంసాహారులు కోడి కార్జమును ఉడికించి చిదిపి పెట్టిన మంచి ఇనుము లభించును. చేపలలో కొర్రమీనుకు ముండ్లు తక్కువ. అయినను తల్లి తన వ్రేళ్ళతో నలిపి చూచినగాని పెట్టరాదు.

కోడిగ్రుడ్డును, చేపను, వేరుశనగను ఏడాది నిండువరకు పెట్టరాదని ఒకప్పుడు చెప్పుచుండిరి. ఆ సలహా మారినది. వేరుశనగను ఆలస్యము చేయుట వలన దానికి సంబంధించిన అలర్జీ తగ్గదనియు, ప్రమాదావకాశమున్న పిల్లలలో ముందుగా పెట్టుటయే మేలు చేయుననియు లండనులో జరిగి 2015లో ప్రకటితమైన పరిశోధన చూపినది. అయితే గింజగా కాదు. మెత్తగా నూరి, పలుచగా కలిపి. తీవ్రమైన గజ్జి గల బిడ్డలకు వైద్యుని సలహా మీదనే మొదలిడవలెను.

తేనె ఏడాది నిండువరకు పనికిరాదు. పుట్టిన బిడ్డకు తేనె నాకించు ఆచారమును గూడ మానవలెను; తేనెలో ఉండగల ఒక విధమైన సూక్ష్మజీవి పసిబిడ్డ ప్రేగులలో విషమును పుట్టించి కండరములను చచ్చుబడజేయును. ఉప్పు, చక్కెర ఏడాది వరకు కలుపరాదు. ఇంటి పప్పులో ఉప్పు కారములు వేయుటకు ముందే బిడ్డ పాలు తీసి పెట్టిన సరిపోవును. టీ ఏ వయస్సు పిల్లలకును తగదు. అది ఆహారములోని ఇనుమును ఒంటికి పట్టనీయదు.

తల్లి చేతి ముద్ద

మన ఇండ్లలో బిడ్డకు తొలి ఆహారముగా పప్పు మీది తేటను, గంజిని, అన్నము వార్చిన నీటిని ఇచ్చుట మెండు. పలుచగా ఉన్నది కనుక అరుగునని నమ్మకము. నిజమునకు ఆ తేటలో నీరే యెక్కువ. పప్పు అడుగున మిగిలి, పెద్దల కంచములలోనికి పోవుచున్నది. బిడ్డ పొట్ట చిన్నది. దానిని నీటితో నింపినచో పాలకును చోటుండదు, అన్నమునకును చోటుండదు. చెంచాను వంచినప్పుడు జారిపోకుండ నిలిచినదే బిడ్డకు తగిన చిక్కదనము.

పెసరపప్పుతో మెత్తగా ఉడికించిన పులగము ఇందుకు శ్రేష్ఠమైనది. అందులో కొంచెము తోటకూరయో మునగాకో మెదిపి, ఒక చిన్న చెంచా నెయ్యి గాని నూనె గాని కలిపి, రెండు చుక్కల నిమ్మరసము పిండినచో శక్తియు వచ్చును, ఆకుకూరలోని ఇనుమును బాగుగా ఒంటికి పట్టును. మొదట పూటకు రెండు మూడు చెంచాలు చాలును. ఆరు మొదలు ఎనిమిది నెలల వరకు దినమునకు రెండు మూడు పర్యాయములు, తొమ్మిదవ నెల నుండి మూడు నాలుగు పర్యాయములు పెట్టవలెను. తల్లిపాలు త్రాగు బిడ్డకు ఆరు మొదలు ఎనిమిది నెలలలో ఆహారము ద్వారా దినమునకు సుమారు 200 కిలోక్యాలరీలును, తొమ్మిది మొదలు పదకొండు నెలలలో 300 కిలోక్యాలరీలును రావలెనని అంచనా. చేతి ముక్కలతోనే ఇంత శక్తి రావలెననుకొనుట మొదటి నెలలలో సాధ్యము కాదు. ఆ ముక్కలలో సగము బిడ్డ చెవులకును జుట్టుకును అంటుకొనును.

తెలంగాణలో అంగన్‌వాడీ కేంద్రముల ద్వారా ఏడవ నెల నుండి మూడేండ్లలోపు పిల్లలకు బాలామృతమను పొడిని అందించుచున్నారు. దానిని పలుచని జావగా గాక చిక్కని ముద్దగా కలుపవలెను. 2018లో ఆరంభమైన రక్తహీనతా నివారణ కార్యక్రమము క్రింద, ఆరు నెలలు నిండిన పిల్లలకు వారమునకు రెండు సార్లు ఒక్కొక్క మిల్లీలీటరు చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల సిరప్పును ఇచ్చుచున్నారు. ఆశా కార్యకర్త తెచ్చిన సీసాను అలమారలో దాచిపెట్టరాదు.

గొంతులో అడ్డుపడునను భయము

ఇచట రెండు వేరు వేరు విషయములను విడదీసి తెలిసికొనవలెను. మొదటిది ఓకరింపు. ముక్క నాలుక వెనుకకు పోగానే బిడ్డ ముఖమెఱ్ఱబడును, కన్నీరు వచ్చును, ‘ఓక్’ అని శబ్దము చేయును, దగ్గును, ముక్క ముందుకు వచ్చును. ఇది శరీరము తన్ను తాను కాపాడుకొను విధము. తల్లి ఆ సమయమున కంగారుపడి నోటిలో వ్రేలు పెట్టినచో బయటికి రావలసిన ముక్క లోపలికి పోవును. చూచుచు, నిశ్శబ్దముగా, సిద్ధముగా ఉండవలెను.

రెండవది ఊపిరి అడ్డుపడుట. దీనికి శబ్దము లేదు. బిడ్డ ఏడ్వలేదు, దగ్గలేదు, పెదవులు నీలమగును. వెంటనే బిడ్డను బోరగిల ముంజేతిపై పరుండబెట్టి, తల రొమ్ముకంటె దిగువకు ఉండునట్లు దవడను పట్టుకొని, వీపున రెక్కల నడుమ అరచేతి మొదలుతో ఐదు సార్లు గట్టిగా చరచవలెను. ముక్క రానిచో వెల్లకిల త్రిప్పి, రొమ్ము ఎముక మధ్యభాగమున ఐదు సార్లు అదుమవలెను. ముక్క వెలువడువరకు ఈ రెండును మార్చి మార్చి చేయవలెను. మరియొకరు 108కి ఫోను చేయవలెను. కంటికి కనబడని ముక్క కొరకు నోటిలో వ్రేలితో గాలింపరాదు. బిడ్డ స్పృహ తప్పినచో గుండెను నొక్కి ఊపిరినూదు చికిత్స ఆరంభింపవలెను. ఇవి చదివి నేర్చుకొను పనులు కావు. దగ్గరి ఆరోగ్య కేంద్రములో నర్సు చేత బొమ్మపై చేయించి చూచి, తల్లియే గాక ఇంటిలో బిడ్డను చూచుకొను అమ్మమ్మ, నాయనమ్మ, తాత గూడ నేర్చుకొనవలెను.

చేతితో తిను పిల్లలకు ఈ ప్రమాదము ఎక్కువయా? న్యూజిలాండులో 206 మంది శిశువులపై ఈ విషయమును పరిశీలించి 2016లో ఫలితములు ప్రకటించిరి. ఒక వర్గమువారు చేతితో తినిరి. వారి తల్లిదండ్రులకు ఏ ఆహారము ప్రమాదకరమో, ఇనుము గల ఆహారమేదో ముందుగా నేర్పిరి. రెండవ వర్గమువారు మామూలు పద్ధతిలో పెరిగిరి. ఆరు మొదలు ఎనిమిది నెలల మధ్య మొత్తము మీద 35 శాతము పిల్లలకు ఒక్కసారియైనను అడ్డుపడినది. రెండు వర్గముల మధ్య చెప్పుకొనదగిన భేదము లేదు. చేతితో తినినవారు ఆరవ నెలలో ఎక్కువగా ఓకరించిరి, ఎనిమిదవ నెలలో తక్కువగా ఓకరించిరి. అనగా ముందుగా నేర్చుకొనిరన్నమాట. ఆందోళన కలిగించు విషయము వేరొకటి: ప్రమాదకరమైన ఆహారము రెండు వర్గములవారికిని అందుచునే యుండినది. ఏడవ నెలలో 52 శాతము పిల్లలకు, పన్నెండవ నెలలో 94 శాతము పిల్లలకు అట్టి ఆహారమును పెట్టిరి.

కనుక ప్రమాదము బిడ్డ చేతిలో లేదు. ఆ చేతికి ఇచ్చిన వస్తువులో ఉన్నది. మన ఇండ్లలో అట్టివి యెన్ని! వేరుశనగ గింజలు, వేయించిన శనగలు, బఠాణీలు, మరమరాలు, పేలాలు, పచ్చి క్యారెట్టు, పచ్చి ఆపిలు, ఎండు కొబ్బరి ముక్క, పల్లీ చిక్కి, బిళ్ళలు. ద్రాక్షపండు మిక్కిలి మెత్తనిదే గాని గుండ్రముగా ఉండుటచే గొంతును బిరడావలె మూయును; నిలువున నాలుగు చీలికలుగా కోయవలెను. సీతాఫలమును, రేగుపండును గింజ తీయక ఇయ్యరాదు. దేవాలయములో ఇచ్చిన ప్రసాదపు శనగగింజను ప్రేమతో తమ్ముని నోట పెట్టు మూడేండ్ల అక్కను గూడ ఒక కంట కనిపెట్టి యుండవలెను.

బలవంతము

కొత్త కోడలు బిడ్డ ముందు ముక్కలు పెట్టి కూర్చుండినచో ఇంటిలో సాధారణముగా నడుచు సంభాషణ ఇట్లుండును.

“అదేమిటే అమ్మాయీ, పసిదాని ముందు కంచం పెట్టి నువ్వు చూస్తూ కూర్చున్నావు? రెండు ముద్దలు నోట్లో పెట్టరాదూ?”

“పెడుతున్నానత్తయ్యా. మూతి తిప్పుకుంటోంది. కాసేపు ఆగి మళ్ళీ చూస్తాను.”

“మూతి తిప్పుకుంటే మానేస్తామా? మీ ఆయనకి నేను కాళ్ళ మీద పడుకోబెట్టి గిన్నెడు పోసేదాన్ని.”

“ఇప్పటికీ ఆయన వంకాయ ముట్టరు కదత్తయ్యా!”

అత్తగారి మాటలో ఆపేక్ష లేకపోలేదు. ఆమె కాలములో ఒక పూట తిననిచో బిడ్డ దక్కదేమో యను భయముండినది. ఆ భయము ఊరక పుట్టినది కాదు. కాని బిడ్డ తల త్రిప్పుట, పెదవులు బిగించుట, ముక్కను విసరుట తన కడుపు నిండినదని చెప్పు భాష. ఆ భాషను లెక్కింపనిచో బిడ్డ దానిని మరచిపోవును. అటుపిమ్మట ఆకలి, తృప్తి అను రెండింటి భేదము దానికే తెలియకపోవును. చేతిఫోనులో బొమ్మలు చూపుచు, బిడ్డ గమనింపకుండ నోటిలో ముద్దలు దోపుట నేడు బలవంతమునకు వచ్చిన క్రొత్త రూపము. కాళ్ళ మీద పరుండబెట్టి పోయుటకును దీనికిని భేదము స్వల్పము. చందమామను చూపి పెట్టుట ఇట్టిది కాదు. చందమామను చూపు తల్లి బిడ్డ ముఖమును గూడ చూచుచుండును.

ఒక పదార్థమును బిడ్డ నేడు ఉమిసినచో మూడు దినముల పిమ్మట మరల పెట్టవలెను. పది పన్నెండు పర్యాయములకు గాని రుచి మరగని పిల్లలు కలరు.

తరువాతి నెలలు

ఎనిమిదవ నెల దాటిన పిమ్మట బిడ్డ బొటనవ్రేలిని, చూపుడు వ్రేలిని చేర్చి చిన్న వస్తువులను ఏరుకొనుట నేర్చును. అప్పుడు పొడవు ముక్కలకు మారుగా మెత్తని చిన్న ముక్కలను, చిదిపిన శనగలను, అన్నపు మెతుకులను పళ్ళెములో వేయవచ్చును. ఒక్కొక్క మెతుకును ఏరుకొని తినుట బిడ్డకు అరగంట పట్టును. ఇంటిపని వేచి యుండగా ఆ అరగంట తల్లికి దొరకుట కష్టమే. ఉదయము దొరకనిచో సాయంకాలము, తల్లికి దొరకనిచో తండ్రికి దొరకవలెను. కూలికి పోవు తల్లి రోజుకు ఒక్క పూటయైనను బిడ్డ చేతికి అవకాశమిచ్చిన చాలును. మిగిలిన పూటలలో గోరుముద్దలు పెట్టుటలో న్యూనత లేదు.

తొమ్మిదవ నెల నిండినప్పుడు తట్టు టీకాతో పాటు విటమిన్ ‘ఎ’ మొదటి మోతాదును వేయుదురు. ఆనాడు బిడ్డ బరువు తూచి, తల్లీ బిడ్డల రక్షణ కార్డులోని గీత మీద గుర్తింపించుకొనవలెను. గీత పైకి పోవుచున్నచో బిడ్డ తినినది చాలుచున్నదని అర్థము. కంచము చుట్టును ఎంత చల్లినను విచారింపనవసరము లేదు. వరుసగా రెండు నెలలు గీత కదలనిచో, లేదా క్రిందికి దిగినచో, లేదా బిడ్డ అరచేతులు పాలిపోయి ఆటలలో హుషారు తగ్గినచో, ముక్కలను, ముద్దలను గూర్చిన చర్చను ప్రక్కన పెట్టి బిడ్డను వెంటనే ఆరోగ్య కేంద్రమునకు తీసికొని పోవలెను.